తేనె పెట్టెల దగ్గరికెళ్లి కొంటే అది అసలుదేనా? సీసా చేతికి తీసుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలివే..

అరకు లోయలో నవంబరు, డిసెంబరు వచ్చిందంటే చాలు.. కొండల మధ్య పొలాలన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టు కనిపిస్తాయి. టూరిస్టులు రోడ్డు పక్కన కార్లు ఆపి మరీ సెల్ఫీలు, రీల్స్ తీసుకుంటారు. అదే పొలాల గట్ల మీద వరసగా పెట్టిన చెక్క పెట్టెలు మాత్రం చాలామంది కంట పడవు. పడినా కుడతాయేమోనన్న భయంతో దూరంగానే ఉండిపోతారు. ఆ పెట్టెల్లోనే తేనె తయారవుతుంటుంది.

ఒక్క అరకే కాదు. పొద్దుతిరుగుడు, నువ్వులు, ధనియాలు, వాము వేసిన పొలాల దగ్గర, జామాయిల్ తోటల పక్కన, మామిడి, కొబ్బరి తోటల్లో తేనెటీగల పెట్టెలు పెట్టేవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. సూపర్ మార్కెట్ తేనె మీద నమ్మకం తగ్గినవాళ్లు నేరుగా వీళ్ల దగ్గరికే వెళ్లి కొంటున్నారు. "కళ్ల ముందే తీసి ఇచ్చారు కాబట్టి ప్యూర్" అన్నది వాళ్ల లెక్క. ఈ లెక్క సగమే కరెక్ట్. పెట్టెలోంచి తీసినంత మాత్రాన అది మంచి తేనె అయిపోదు. ఏ నెలలో తీశారు, ఏ గదిలోంచి తీశారు, పక్వానికి వచ్చాక తీశారా లేదా అన్నదే అసలు విషయం. అది తెలియాలంటే పెట్టె మూత తీసినప్పుడు ఏం చూడాలో ముందుగా తెలిసుండాలి.

అసలు అనుమానం ఎక్కడ మొదలైంది?

2020 డిసెంబరులో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ ఒక ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్ బయటపెట్టింది. మార్కెట్లో దొరికే 13 బ్రాండ్ల తేనెను తీసుకుని టెస్టులు చేయించింది. మన దేశ ప్రమాణాల ప్రకారం చేసిన పరీక్షల్లో పెద్ద బ్రాండ్లలో చాలావరకు పాసయ్యాయి. అవే శాంపిళ్లను జర్మనీలోని ల్యాబ్‌కు పంపి ఎన్‌ఎంఆర్ అనే అడ్వాన్స్‌డ్ టెస్ట్ చేయిస్తే 13లో 10 బ్రాండ్లు ఫెయిలయ్యాయని ఆ సంస్థ ప్రకటించింది. మొత్తం 22 శాంపిళ్లలో అన్ని పరీక్షలూ దాటింది ఐదేనట. కొన్ని కంపెనీలు ఈ ఫలితాలను తోసిపుచ్చాయి. తమ తేనె నిబంధనల ప్రకారమే ఉందని వాదించాయి.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే.. పాత రోజుల్లో కల్తీ అంటే బెల్లం పాకమో, పంచదార పాకమో కలపడం. అలాంటిది పట్టుకోవడానికి పరీక్షలు వచ్చాయి. ఆ పరీక్షలకు దొరక్కుండా బియ్యం లాంటి వాటి నుంచి తీసే సిరప్‌లు వచ్చాయి. తేనెతో పోలిస్తే ఇవి చాలా చౌక. చూడ్డానికి చిక్కగా, బంగారు రంగులో ఉంటాయి. అమెరికాకు ఎగుమతి చేసే తేనెకు ఎన్‌ఎంఆర్ టెస్ట్‌ను 2020 ఆగస్టు 1 నుంచి మన ప్రభుత్వమే తప్పనిసరి చేసింది. మనం తినే సీసాకు మాత్రం ఆ షరతు పెట్టలేదు. జనం పెట్టెల దగ్గరికి వెళ్లడానికి ఇదే పెద్ద కారణం.

నీళ్ల గ్లాసు, అగ్గిపుల్ల టెస్టులు.. పనిచేస్తాయా?

వాట్సాప్‌లో తిరిగే వీడియోలు అందరూ చూసే ఉంటారు. గ్లాసు నీళ్లలో తేనె చుక్క వేస్తే కరగకుండా అడుక్కి దిగాలి. బొటనవేలి మీద వేస్తే జారకూడదు. అగ్గిపుల్లను తేనెలో ముంచి గీస్తే వెలగాలి. చీమలు పట్టకూడదు, కుక్క ముట్టకూడదు.. ఇలా ఊరికో టెస్టు.

నీళ్ల గ్లాసు టెస్టుతో పలచటి పంచదార పాకం కలిపిన తేనె దొరికిపోవచ్చు. చిక్కటి సిరప్ కలిపితే అది కూడా నేరుగా అడుక్కే దిగుతుంది. అగ్గిపుల్ల, దూది వత్తి టెస్టులు చెప్పేది తేమ ఎంతుందన్న సంగతి మాత్రమే. తేమ తక్కువగా ఉన్న సిరప్‌లో ముంచినా పుల్ల భగ్గుమంటుంది. చీమల సంగతి సరేసరి. అసలైన తేనెకూ చీమలు పడతాయి. అందుకే పెంపకందారులు పెట్టె స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతారు. చీమలకు తేనె ఇష్టం లేకపోతే ఆ గిన్నెలతో పనేముంది?

రంగు, వాసన, చిక్కదనంతో కూడా తేల్చలేం. ఏ పువ్వు తేనె అన్నదాన్ని బట్టి నీళ్లలా తెల్లగా ఉండేదీ ఉంటుంది, కాఫీ డికాక్షన్ రంగులో ఉండేదీ ఉంటుంది. కచ్చితంగా తెలిసేది ల్యాబ్‌లోనే. ఇంట్లో టెస్టుల కంటే పెట్టె దగ్గర అడిగే నాలుగు ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి.

పెట్టెలో ఏముంటుంది?

మన దగ్గర తేనెటీగల్లో ముఖ్యంగా నాలుగు రకాలు. కొండ చరియలకు, ఎత్తైన చెట్లకు, వాటర్ ట్యాంకులకు, అపార్ట్‌మెంట్ల సన్‌షేడ్లకు పెద్ద పట్టు పెట్టేవి కొండ తేనెటీగలు. పొదల్లో అరచేయంత పట్టు పెట్టేవి చిన్న తేనెటీగలు, జుంటి తేనె వీటిదే. ఈ రెండింటినీ పెట్టెల్లో పెంచడం కుదరదు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉండే పుట్ట తేనెటీగలనూ, 1960ల్లో మన దేశంలో స్థిరపడిన ఇటాలియన్ తేనెటీగలనూ మాత్రమే పెట్టెల్లో పెంచుతారు. కాబట్టి ఎవరైనా పెట్టెలు చూపించి "ఇది కొండ తేనె" అన్నారంటే అక్కడే తేడా కొట్టినట్టు.

ఇటాలియన్ రకం పెట్టెలో సాధారణంగా 10 ఫ్రేములుంటాయి. కింది గది పిల్లలది. అందులో రాణి ఈగ గుడ్లు పెడుతుంది. సీజన్‌లో రోజుకు 1500 నుంచి 2000 దాకా పెట్టగలదు. ఆ పైన పెట్టే గదిని సూపర్ అంటారు. అందులో తేనె నిల్వ ఉంటుంది. రెండింటి మధ్య ఒక జాలీ అమరుస్తారు. కూలీ ఈగలు ఆ జాలీలోంచి దూరగలవు, వాటికంటే పెద్దదైన రాణి దూరలేదు. అందువల్ల పై గదిలో గుడ్లు, పురుగులు లేకుండా తేనె మాత్రమే ఉంటుంది. బలమైన పెట్టెలో 50 వేలకు పైగా ఈగలు ఉండొచ్చు. సీజన్‌లో ఒక్కో కూలీ ఈగ బతికేది ఆరు వారాలే. ఆ జీవితమంతా కష్టపడి అది చేసేది టీ స్పూన్‌లో పన్నెండో వంతు తేనె. అర కిలో సీసా ధర ఎక్కువనిపించినప్పుడు ఈ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకోవచ్చు.

పువ్వులో ఉండేది తేనె కాదు, మకరందం. అందులో నీళ్లే ఎక్కువ. ఈగలు దాన్ని పట్టుకొచ్చి, ఒకదాని నోటి నుంచి ఇంకొకదాని నోటికి అందిస్తూ తమలోని ఎంజైములు కలుపుతాయి. తర్వాత గదుల్లో పోసి రాత్రంతా రెక్కలతో విసిరి నీటిని ఆవిరి చేస్తాయి. తేమ 20 శాతం లోపుకు వచ్చాక గది మీద పల్చటి మైనం మూత వేస్తాయి. తేనె తయారైందని ఈగలు కొట్టే సీలు అదే.

మూత పడిందా, లేదా?

పెట్టె దగ్గర మొట్టమొదట చూడాల్సింది ఈ మైనం మూతే. ఫ్రేము పైకి తీసినప్పుడు కనీసం మూడొంతుల్లో రెండొంతుల గదులకు తెల్లటి మూతలు ఉండాలి. మూతల్లేకుండా మిలమిల మెరుస్తూ, ఫ్రేము కాస్త వంచగానే చుక్కలు కారుతుంటే అది ఇంకా పచ్చి తేనె. ఎక్కువ తేనె వస్తుందన్న ఆశతో, వ్యాపారులు తొందర పెట్టడంతో కొందరు ఇలా ముందుగానే తీసేస్తుంటారు. మోసమని అనలేం గానీ ఆ తేనె నిలవదు. నెలా రెండు నెలల్లో పైన నురగ కట్టి, పులిసిన వాసన వస్తుంది. మూత తీయగానే బుస్సుమంటే పులిసిపోయిందనే అర్థం.

ఫుడ్ సేఫ్టీ అథారిటీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్ ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. దీన్ని కొలవడానికి చేతిలో పట్టేంత రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది. ఒక చుక్క వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే అంకె కనిపిస్తుంది. పది పెట్టెల కంటే ఎక్కువ ఉన్న పెంపకందారుడి దగ్గర ఇది ఉండాల్సిందే. "ఒకసారి తేమ చూపిస్తారా?" అని అడిగితే నిజాయతీపరుడు సంతోషంగా చూపిస్తాడు. నిమిషం కూడా పట్టదు.

ఆ తర్వాత మూతల మీది మైనాన్ని కత్తితో పల్చగా చెక్కి, ఫ్రేముల్ని డ్రమ్ము లాంటి యంత్రంలో నిలబెట్టి తిప్పుతారు. తేనె గిర్రున విసురుకొచ్చి డ్రమ్ము గోడలకు కొట్టుకుని కిందికి కారుతుంది. పట్టు చెక్కుచెదరదు. ఖాళీ ఫ్రేము మళ్లీ పెట్టెలో పెట్టేస్తే ఈగలు దాన్నే నింపుకుంటాయి. పట్టు పిండి తీసే పద్ధతికీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. తేనె తీసే రోజున వెళ్లగలిగితే ఇదంతా కళ్లారా చూడొచ్చు. వీడియో తీసుకోవడానికి కూడా ఇదే బెస్ట్ టైమ్. పిల్లలకు ఏ పాఠంలోనూ ఇంత బాగా అర్థం కాదు.

"పంచదార పాకం పెడతారా?" అని అడిగి చూడండి

ఇది చాలామందికి షాక్ ఇచ్చే ప్రశ్న. అవును, తేనెటీగలు పెంచేవాళ్లు పంచదార పాకం పెడతారు. పూలు దొరకని రోజుల్లో, ముఖ్యంగా ముసురు పట్టిన వానాకాలంలో, ఈగలు ఆకలితో చచ్చిపోకుండా పెట్టెలో పాకం పెట్టడం అందరూ చేసే పనే. ఇందులో తప్పేం లేదు. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా పెట్టమనే చెబుతారు. తప్పెక్కడంటే, పూల సీజన్ మొదలై పై గది పెట్టాక కూడా పాకం పోస్తూ పోవడం. ఈగలకు తేడా తెలియదు, ఆ పాకాన్నే తీసుకెళ్లి గదుల్లో నింపి మూత వేస్తాయి. అది పెట్టెలోంచి వచ్చిందే, కళ్ల ముందు తీసిందే. కానీ పూల తేనె కాదు.

అందుకే "మేం అసలు చక్కెరే పెట్టం" అని గట్టిగా చెప్పేవాడి కంటే, "ఫలానా నెలల్లో పెడతాం, పూలు రాగానే ఆపేస్తాం, ఆ పాకం తాలూకు తేనె తీయం" అని వివరంగా చెప్పేవాడినే ఎక్కువ నమ్మొచ్చు. ఏడాది పొడవునా ఒకే చోట పెట్టెలు పెట్టి, ఏ నెలలో అడిగినా తాజా తేనె ఉందంటున్నారంటే మాత్రం ఆలోచించాల్సిందే. పూలకు సీజన్ ఉంటుంది, తేనెకూ ఉంటుంది.

మందుల సంగతి కూడా అడగాలి. వరోవా అనే నల్లి ఈగలకు పట్టే పెద్ద పీడ. బ్యాక్టీరియా జబ్బులూ వస్తాయి. వాటికి యాంటీబయాటిక్స్ వాడితే అవి తేనెలోకి చేరే ప్రమాదం ఉంది. 2010లోనే పైన చెప్పిన సంస్థే మార్కెట్ తేనెలో యాంటీబయాటిక్స్ ఆనవాళ్లు ఉన్నాయని రిపోర్ట్ ఇచ్చింది. పై గది ఉన్నప్పుడు ఏ మందూ వాడమని పెంపకందారుడు చెబితే అది సరైన సమాధానం.

పెట్టెలు ఏ ఊరు తిరిగొచ్చాయి?

తేనె పెంపకం చాలామందికి వలస బతుకు. ఒక ఊళ్లో పొద్దుతిరుగుడు పూత అయిపోగానే రాత్రిపూట పెట్టెల ద్వారాలు మూసి, లారీకెక్కించి, తెల్లారేసరికి ఇంకో జిల్లాలో నువ్వుల చేను పక్కన దించుతారు. వేరే రాష్ట్రాల నుంచి మన దగ్గరికి పెట్టెలు తెచ్చేవాళ్లూ ఉన్నారు. చేను పక్కన గుడారం వేసుకుని, పూత ఉన్నన్నాళ్లూ అక్కడే వండుకు తింటారు. దారిలో ఎండకు పట్టు మైనం కరిగినా, గాలి ఆడక ఈగలు ఉక్కిరిబిక్కిరైనా పెట్టెలకు పెట్టెలే పోతాయి.

అంతకంటే పెద్ద భయం పురుగుమందులు. పూత మీద ఉన్న పొలంలో ఉదయం పూట మందు కొడితే, మధ్యాహ్నానికి పెట్టెల ముందు చచ్చిన ఈగలు కుప్పలుగా పడతాయి. ఒక సీజన్ కష్టం ఒక్క పూటలో పోతుంది. నష్టం పెంపకందారుడిదే అనుకుంటే పొరపాటు. పొద్దుతిరుగుడు లాంటి పంటలో గింజ నిండాలంటే పుప్పొడి మోసే ఈగ రావాలి. అందుకే తప్పనిసరై మందు కొట్టాల్సి వస్తే, ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టమని, ముందురోజే పెట్టెలవాళ్లకు చెప్పమని నిపుణులు సూచిస్తున్నారు. ఆ ఒక్క ఫోన్ చేయని ఊళ్లకు పెట్టెలు తెచ్చేవాళ్లు రెండోసారి వెళ్లరు.

కొనేవాళ్లకు దీంతో సంబంధం ఏంటంటారా? ఉంది. సీసా మీద ఏ పువ్వు పేరు రాసినా, "పెట్టెలు ఎక్కడ పెట్టారు, ఏ నెలలో?" అని అడిగితే నిజం బయటపడుతుంది. తేనెటీగ మేత కోసం రెండు మూడు కిలోమీటర్ల దూరం వెళ్తుంది. రెండు కిలోమీటర్లే అనుకున్నా పెట్టె చుట్టూ దాదాపు 3 వేల ఎకరాలు దాని మేత బీడు. అంత విస్తీర్ణంలో ఒకే పువ్వు ఎక్కువగా ఉంటేనే ఆ పేరు పెట్టడానికి అర్థం ఉంటుంది. ఆవ, పొద్దుతిరుగుడు, వలిసె, జామాయిల్.. ఇవి నమ్మదగ్గ పేర్లు. మరి తులసి తేనె? అన్ని తులసి వనాలు ఎక్కడున్నాయి? తులసి ఆకు, అల్లం, ఉసిరి లాంటివి తేనెలో నానబెట్టి అమ్మితే అది వేరే సరుకు. అలాగే రాసి అమ్మితే ఏ పేచీ లేదు. నేరేడు పూత నెలకు మించి ఉండదు, కానీ నేరేడు తేనె మాత్రం ఏడాదంతా గుట్టలుగా దొరుకుతుంది. పైగా షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని ప్రచారం. దాని సంగతి కింద చూద్దాం.

రోడ్డు పక్క బకెట్.. లీటరా, కిలోనా?

హైవే మీద చెట్టు కింద బకెట్, అందులో తేనె, పైన తేలుతున్న తాజా పట్టు ముక్క, చుట్టూ నాలుగు ఈగలు. అందరికీ తెలిసిన సీనే. చాలాసార్లు ఆ పట్టు నిజమైనదే ఉంటుంది, కింద ఉన్నది మాత్రం పాకం. కళ్ల ముందే పట్టు పిండి ఇచ్చినా గ్యారంటీ లేదు. పట్టులో పిల్లల గదులుంటే పురుగుల రసం కూడా కలిసిపోతుంది. అలాంటి తేనె తొందరగా పాడవుతుంది. నిజాయతీగా అడవి తేనె తెచ్చి అమ్మే గిరిజనులూ ఇదే రోడ్ల మీద కూర్చుంటారు, బకెట్ బ్యాచ్ వల్ల వాళ్ల సరుక్కీ విలువ పోతోంది. వాళ్ల తేనె కావాలనుకునేవారికి ఒక దారి ఉంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, అడవి తేనెను గిరిజనుల దగ్గర కొని, శుద్ధి చేసి, గిరిజన్ పేరుతో అమ్ముతోంది.

రేటు దగ్గర జరిగే ఒక చిన్న మాయ కూడా తెలుసుకోవాలి. తేనె నీళ్ల కంటే బరువు. లీటరు తేనె దాదాపు కిలో 400 గ్రాములు తూగుతుంది. పాత అలవాటు ప్రకారం ఊళ్లలో బీరు సీసాతో కొలిచి అమ్ముతుంటారు. 650 మిల్లీలీటర్ల సీసా నిండా పోస్తే 900 గ్రాములకు పైనే రావాలి. కాబట్టి ఒకరు కిలో లెక్కన, ఇంకొకరు లీటరు లెక్కన చెప్పినప్పుడు రెండు రేట్లనూ నేరుగా పోల్చకూడదు. సీసాను కాటా మీద పెట్టమంటే ఇంకో లాభం కూడా ఉంది. లీటరు సరుకు కిలో 400 గ్రాముల కంటే బాగా తక్కువ తూగిందంటే అందులో నీళ్ల శాతం ఎక్కువున్నట్టే.

పేరున్న పెంపకందారుడైతే సీసా మీద లేబుల్ ఉంటుంది. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, బ్యాచ్ నంబరు, ప్యాక్ చేసిన తేదీ చూసుకోవాలి. చిన్నవాళ్లకు లైసెన్స్ బదులు రిజిస్ట్రేషన్ ఉంటుంది, అదీ చెల్లుతుంది. ఏ నెలలో, ఏ ఊళ్లో తీశారో కూడా రాసిచ్చేవాళ్లు దొరికితే అదృష్టమే. ఒకేసారి ఐదు కిలోలు కొనేయకుండా రెండు మూడు సీజన్ల తేనె పావు కిలో చొప్పున తీసుకుని రుచి చూడటం మేలు. రెండు సీజన్ల తేనె ఒకేలా ఉందంటే అనుమానించాల్సింది అప్పుడే.

దగ్గరికి వెళ్తే కుట్టవా?

కుట్టొచ్చు. జాగ్రత్తగా ఉంటే చాలావరకు కుట్టవు. ఎండ కాస్తున్న పూట వెళ్లడం మంచిది. అప్పుడు పెద్ద ఈగలన్నీ మేతకు వెళ్లి ఉంటాయి. మబ్బు పట్టినప్పుడు, చినుకులు పడుతున్నప్పుడు, సాయంత్రాలు అన్నీ గూట్లోనే ఉండి చిరాకు మీద ఉంటాయి. లేత రంగు ఫుల్ హ్యాండ్స్ బట్టలు వేసుకోవాలి. సెంటు, ఘాటైన తలనూనె వద్దు. జుట్టు ముడి వేసుకోవాలి. ఇంకో విచిత్రం ఏంటంటే.. తేనెటీగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలవడానికి వదిలే రసాయనానికి అరటిపండు వాసన ఉంటుంది. అందుకే పెట్టెల దగ్గరికి వెళ్లే ముందు అరటిపండు తినొద్దని పెంపకందారులు చెబుతారు.

పెట్టె ద్వారానికి ఎదురుగా నిలబడకూడదు, అది వాటి రన్‌వే. పక్క నుంచో వెనక నుంచో చూడాలి. వీడియో తీసేవాళ్లు చేసే తప్పు సరిగ్గా ఇదే, మంచి షాట్ కోసం ద్వారం ముందు ఫోన్ పెడతారు. ఈగ ముఖం దగ్గరికి వస్తే చేతులు ఊపకుండా మెల్లగా పక్కకు జరిగితే అదే వెళ్లిపోతుంది. పెంపకందారుడు పొగ డబ్బాతో పొగ పెట్టాకే మూత తీస్తాడు. పొగ తగలగానే ఈగలు తేనె తాగే పనిలో పడి కాస్త నెమ్మదిస్తాయి.

కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. దానికి అంటుకున్న విషపు తిత్తి ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. గోరుతోనో, ఏటీఎం కార్డు అంచుతోనో గీరి వెంటనే తీసేయాలి. ఎలా తీశాం అన్నదానికంటే ఎంత త్వరగా తీశాం అన్నదే ముఖ్యం. ఐస్ పెడితే వాపు తగ్గుతుంది. కానీ పెదాలు, ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అది అలర్జీ. సున్నం రాస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంతకు ముందు తేనెటీగ కుట్టి ఇలా అయినవాళ్లు పెట్టెల దగ్గరికి అసలు వెళ్లకపోవడమే మంచిది. ఇక కొండల మీద, గుడి గోపురాల మీద కనిపించే పెద్ద పట్టుల జోలికి ఎవరూ వెళ్లకూడదు. పెట్టె ఈగలతో పోలిస్తే కొండ తేనెటీగలు చాలా కోపిష్టివి, గుంపుగా వెంటపడతాయి.

ఏడాది లోపు పిల్లలకు ఒక్క చుక్క కూడా వద్దు

ఇంటికి తెచ్చాక అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో చాలాచోట్ల ఉన్న ఆచారం. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ తేనెలో క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా స్పోర్లు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ల కడుపులో అవి ఏమీ చేయలేవు. ఏడాది నిండని పిల్లల పేగుల్లో మాత్రం అవి పెరిగి విషాన్ని విడుదల చేస్తాయి. మలబద్ధకంతో మొదలై, ఏడుపు నీరసంగా రావడం, పాలు పీల్చలేకపోవడం, మెడ నిలపలేకపోవడం, చివరికి ఊపిరి కండరాలు పనిచేయకపోవడం దాకా వెళ్తుంది. అరుదైన జబ్బే, కానీ ప్రాణాంతకం. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా, ఏ తోట నుంచి తెచ్చినా ఇందులో మినహాయింపు లేదు. ఇంట్లో వేడి చేసినా ఆ స్పోర్లు చావవు. అమ్మమ్మో నానమ్మో పట్టుబడితే డాక్టర్ చేత చెప్పించడం ఉత్తమం. ఏడాది నిండాక పెట్టొచ్చు.

షుగర్ ఉన్నవాళ్ల విషయానికొస్తే.. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. వంద గ్రాములకు 300 కేలరీల చొప్పున ఉంటాయి. చెంచాకు చెంచా పోలిస్తే పంచదార కంటే తేనెలోనే కేలరీలు కాస్త ఎక్కువ, ఎందుకంటే చెంచాడు తేనె ఎక్కువ బరువుంటుంది. నేరేడు పువ్వుదైనా వేప పువ్వుదైనా చక్కెర చక్కెరే. డాక్టర్‌ను అడక్కుండా "తేనె కదా, ఏం కాదు" అనుకోవడం ప్రమాదం.

గడ్డ కట్టిందని పారేస్తున్నారా?

తోట నుంచి తెచ్చిన తేనె నెల తిరక్కుండానే అడుగున పంచదారలా పేరుకుంటే, మోసపోయామని పారబోసేవాళ్లు చాలామంది. ఆగండి! పొద్దుతిరుగుడు, ఆవ తేనెలు సహజంగానే త్వరగా గడ్డకడతాయి. వాటిలో గ్లూకోజ్ ఎక్కువ. కల్తీకీ దీనికీ సంబంధం లేదు. పెద్ద కంపెనీలు తేనెను వేడి చేసి, సన్నగా వడకట్టడం వల్ల అది షాపులో నెలల తరబడి నీళ్లలా ఉంటుంది. పెంపకందారుడి దగ్గర గుడ్డతోనో, సన్న జల్లెడతోనో వడకట్టి ఇస్తారు కాబట్టి పుప్పొడి రేణువులు మిగులుతాయి, వాటి చుట్టూ గడ్డకట్టడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా కడుతుంది. గడ్డను అలాగే రొట్టె మీద రాసుకు తినొచ్చు. లేదంటే సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే చాలు. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. ఎక్కువ వేడి చేస్తే వాసన, ఎంజైములు పోతాయి. హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, దానికి కిలోకు 80 మిల్లీగ్రాములు అని చట్టమే పరిమితి పెట్టింది. గాజు సీసా, బిగుతు మూత, తడి లేని చెంచా.. ఈ మూడూ ఉంటే తేనె ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది.

దగ్గర్లో పెట్టెలు ఎవరు పెడుతున్నారో తెలియకపోతే జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, ఉద్యానశాఖ ఆఫీసులోనో అడగొచ్చు. పెంపకంలో శిక్షణ తీసుకున్న రైతుల వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఫోన్ చేసి, తేనె తీసే రోజు ఎప్పుడో కనుక్కుని వెళ్తే మంచిది. కొన్న తేనె మీద అనుమానం వస్తే గుర్తింపు ఉన్న ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో డబ్బు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ నంబర్ 1800 112 100కి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు కూడా చేయొచ్చు. అందుకే బిల్లు తీసుకోవడం, లేబుల్ ఫొటో తీసి పెట్టుకోవడం, ఒక చిన్న సీసానైనా సీల్ విప్పకుండా పక్కన పెట్టడం మర్చిపోవద్దు. మూత తీసిన సీసాతో ఫిర్యాదుకు వెళ్తే, కలిపింది ఎవరన్న దగ్గరే కేసు ఆగిపోతుంది.